అప్‌డేట్: ఎల్క్ వేటకి క్యాట్రిడ్జ్ తేల్చేశాను

500 గజాల లోపు ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి 6.5 క్రీడ్‌మూర్ క్యాట్రిడ్జ్ (బుల్లెట్, మందు కలిసిన పూర్తి తూటా) సరిపోతుందా, అంతకన్నా శక్తి ఎక్కువున్న .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కావాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. చివరికి ఆ రెండూ కాకుండా 7 ఎంఎం పీఆర్‌సీ అనే మూడో క్యాట్రిడ్జ్ తీసుకున్నాను.

క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ (బరువు కొలత, సుమారు 9.3 గ్రాములు) బుల్లెట్ సెకనుకి 2,700 అడుగుల వేగంతో బయల్దేరినా, 500 గజాల దగ్గర మిగిలే శక్తి సుమారు 1,200 ఫుట్-పౌండ్లే. ఎల్క్‌కి 1,500 ఉండాలన్నది చాలామంది వేటగాళ్ళు పాటించే లెక్క. అదేం శాసనం కాదు, సరైన చోట తగిలితే తక్కువలోనూ పడుతుంది. కానీ భుజం ఎముక అడ్డొస్తే ఆ మిగులు శక్తి కావాలి. గాయంతో తప్పించుకుపోయే జంతువుని తలుచుకుంటేనే నాకు మనసొప్పదు.

.300కి శక్తిలో కొదవ లేదు. ఇబ్బందంతా రికాయిల్‌తోనే, అంటే కాల్చగానే తుపాకీ వెనక్కి తన్నడంతోనే. ట్రిగ్గర్ నొక్కగానే స్కోప్‌లోంచి టార్గెట్ ఎగిరిపోతోంది, బుల్లెట్ ఎక్కడ తగిలిందో కనబడట్లేదు. రెండో షాట్ వెయ్యాలా వద్దా తేల్చేది ఆ చూపే! పీఆర్‌సీలో ఆ తన్ను కాస్త తక్కువ. 175 గ్రెయిన్ బుల్లెట్, దాదాపు 3,000 అడుగుల వేగం, సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలికి తక్కువ పక్కకి పోతుంది.

పాత 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ ఎందుకు కాదని ఒకరు అడిగారు. 1962 నాటిదైనా మంచి క్యాట్రిడ్జే. కాకపోతే దాని రైఫిళ్ళు ఎక్కువగా 9 లేదా 9.5 అంగుళాల ట్విస్ట్‌తో (బ్యారెల్ లోపలి మెలిక గాడి ఒక చుట్టు తిరగడానికి పట్టే పొడవు) వస్తాయి. ఈ పొడుగు బుల్లెట్లు నిలకడగా వెళ్ళాలంటే ఇంకా వేగంగా తిరగాలి, పీఆర్‌సీకి ఉండే 8 అంగుళాలదైతే నిశ్చింత.

దూరం మాత్రం ప్రస్తుతానికి 400 గజాలకే ఆపుతున్నాను. గాలి నిలకడగా లేకపోతే ఇంకా దగ్గరికి వెళ్ళాకే కాలుస్తాను.