అప్‌డేట్: పర్లాకిమిడి (ఒడిశా) గ్రంథాలయ కమిటీకి శిక్షణ

కమిటీ సభ్యులు మీటింగులకు రావడం మానేశారు, బరంపురం నుంచి మంచి వక్తని పిలిస్తే ఊపు వస్తుందా అని ఇక్కడ అడిగాను. ఉపన్యాసం వద్దు, మూడు గంటల వర్క్‌షాప్ పెట్టండి అని మీలో కొందరు అన్నారు. అదే చేశాం. శాలువా, బొకే ఖర్చు కూడా మిగిలింది!

శిక్షకుడికి మినిట్స్ పుస్తకం (మీటింగు తీర్మానాలు రాసే పుస్తకం) ముందే పంపాలన్న సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. "చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది" అన్న వాక్యం పేజీ పేజీకీ ఉంది. ఎవరు, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో అన్నది ఎక్కడా లేదు. శిక్షకుడు మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టి, పాత తీర్మానాలను ఆ మూడు వివరాలతో తిరగరాయించారు. సభ్యులు మీటింగులకు రాకపోవడానికి బద్ధకం కాదు, చేతిలో పని లేకపోవడమే కారణమని అక్కడే తేలింది.

తర్వాత ఎవరి బాధ్యత ఏమిటో చీటీల మీద రాయించారు. క్యాష్‌బుక్‌కి ముగ్గురు పోటీ. 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం వార్షిక సమావేశం అయిన 14 రోజుల్లోగా రిజిస్ట్రార్‌కి ఇవ్వాల్సిన కార్యవర్గ జాబితాకి మాత్రం ఒక్కరూ లేరు. ఇప్పుడది కార్యదర్శి పేరు మీద రాశాం.

ఇలాంటిది పెట్టేవాళ్లకి రెండు మాటలు. అధ్యక్షుడు గారు చివర్న మాట్లాడాలి, మొదట మాట్లాడితే మిగతావాళ్లు తలలూపేసి ఊరుకుంటారు. ఒడియా మీడియంలో చదివిన కుర్రాళ్లని చీటీలు ఒడియాలోనే రాయనివ్వండి. తెలుగులోనే రాయమంటే ఖాళీ కాగితం ఇస్తారు.

హాజరు పెరిగిందో లేదో ఇప్పుడే చెప్పలేను. అజెండా మాత్రం మీటింగుకి మూడు రోజుల ముందే వాట్సాప్‌లో వస్తోంది, ప్రతి అంశం పక్కన ఒక పేరుతో.