ఒట్టోమన్ బ్యాంకు ముట్టడి: ఆర్మెన్ గారో వీరుడా, తొందరపాటు మనిషా?

కృష్ణాతీరం:
1896 ఆగస్టు 26న ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్య రాజధాని ఇస్తాంబుల్‌లోని ఒట్టోమన్ బ్యాంకులోకి, ఆ సామ్రాజ్యంలో మైనారిటీ క్రైస్తవులైన ఆర్మేనియన్ల కుర్రాళ్లు పాతికమందికి పైగా పిస్తోళ్లు, బాంబులతో జొరబడ్డారు. నాయకుడు పాప్కెన్ సియూనీ ఆదిలోనే చనిపోతే 24 ఏళ్ల ఆర్మెన్ గారో పగ్గాలందుకున్నాడు. ఎర్జురుంవాడు, ఫ్రాన్సులో వ్యవసాయశాస్త్రం చదివాడు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ పాలనలో అప్పటికి రెండేళ్లుగా ఆర్మేనియన్ల ఊచకోత సాగుతోంది, యూరప్ చూస్తూ కూర్చుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి పెట్టుబడులున్న బ్యాంకు పీక పట్టుకుంటే అయినా కదులుతారని వీళ్ల లెక్క. నా దృష్టిలో వీరుడే.

చరిత్రపిచ్చోడు:
ఆ లెక్కే తప్పిందండీ. సుమారు 14 గంటల తర్వాత రష్యా రాయబార కార్యాలయం దుబాసీ మాక్సిమోవ్ వచ్చి ప్రాణాలకు పూచీ ఇచ్చాడు. బ్యాంకు పెద్ద ఎడ్గార్ విన్సెంట్ సొంత పడవెక్కించి, అక్కణ్నుంచి ఫ్రెంచి ఓడలో మార్సెయ్ పంపించేశారు. మరి ఊళ్లో మిగిలినవాళ్లో? దుడ్డుకర్రల గుంపులు రెండు రోజులు కనిపించిన ఆర్మేనియన్‌నల్లా కొట్టి చంపాయి. ఐదారు వేలమంది పోయారని అంచనా. అందులో ఎంతోమంది పొట్టకూటికొచ్చిన హమాలీలు (అక్కడా ఆ మాటే, ‘హమాల్’ అంటారు). బాంబు విసిరినవాడు ఓడెక్కాడు, మూట మోసేవాడు చచ్చాడు.

కృష్ణాతీరం:
చంపినవాణ్ని వదిలేసి గారోని అంటారేం? 1895 అక్టోబరులో అతని సొంతూరు ఎర్జురుంలోనే ఊచకోత జరిగింది. అప్పుడేం బ్యాంకు ముట్టడించారని చంపారు?

నిదానం:
ఇద్దరూ 1896 దగ్గరే ఆగిపోయారు. 1908లో సుల్తాన్ నిరంకుశత్వంపై యంగ్ టర్కులనే సంస్కరణవాదులు చేసిన విప్లవం తర్వాత ఇదే మనిషి ఎర్జురుం నుంచి ఒట్టోమన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు! నాకు మింగుడుపడనిది 1914. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీకి శత్రువైన రష్యా వైపు ఆర్మేనియన్ స్వచ్ఛంద దళంలో చేరాడు, దళనాయకుడు ద్రో గాయపడితే తనే నడిపించాడు. మాజీ ఎంపీయే శత్రువు పక్షాన నిలబడితే, 1915లో ఆర్మేనియన్ జనాన్ని ఊళ్లకు ఊళ్లు తరిమేసిన టర్కీ సర్కారుకు సాకు చేతికిచ్చినట్టు కాదా?

కృష్ణాతీరం:
సాకు కావలసినవాడికి అది ఎక్కడైనా దొరుకుతుంది. గారో తోటి ఆర్మేనియన్ ఎంపీ క్రికోర్ జోహ్రాబ్ లాయరు, కథకుడు, తుపాకీ పట్టినవాడు కాదు. అప్పటి హోం మంత్రి తలాత్ పాషాతో మంచి పరిచయం ఉన్నవాడు. 1915లో ఆయన్నీ పట్టుకెళ్లి ఉర్ఫా దగ్గర దారిలోనే చంపారు.

చరిత్రపిచ్చోడు:
జోహ్రాబ్ సంగతి ఒప్పుకుంటా. హమాలీల సంగతికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.