వేవ్‌ఫామ్ మానిటర్‌లో కర్సర్లు: లైవ్‌లో ఉంచాలా, తీసెయ్యాలా?

సీసీయూ_శీను:
మా పీసీఆర్‌లో (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్) రోజూ ఇదే గొడవ. వీడియో సిగ్నల్ వెలుగును గ్రాఫ్‌గా చూపే వేవ్‌ఫామ్ మానిటర్ మీద ఒక షిఫ్ట్ వాళ్లు వోల్టేజ్ కర్సర్లు (కొలతకు జరుపుకునే అడ్డగీతలు) పెట్టి పోతారు, తర్వాత వచ్చినవాళ్లు తీసేస్తారు. నేనైతే ఉంచాలంటాను. ఒక గీత 700 మిల్లీవోల్టుల (పూర్తి తెలుపు) దగ్గర, రెండోది యాంకర్ ముఖం ఉండాల్సిన చోట. మేం 450 దగ్గర పెడతాం. అన్ని కెమెరాల ఐరిస్‌నీ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఆ గీతకు తెస్తే, కట్ చేసినప్పుడు ముఖం వెలుగు మారదు.

పాతకాపు:
తమ్ముడూ, యాంకర్లందరిదీ ఒకే ఛాయా? చామనఛాయ మనిషిని 450కి ఎక్కించావంటే పక్కనున్న తెల్లచొక్కా గెస్టు 700 దాటిపోతాడు. షోకి ముందే గ్రే స్కేల్ చార్ట్ (నలుపు నుంచి తెలుపు దాకా మెట్ల పట్టీలు) పెట్టి, పరేడ్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కన కనిపించే డిస్‌ప్లే) ఆర్, జీ, బీ మూడూ సమం చేసుకో. ఆ తర్వాత చూడాల్సింది గ్రాటిక్యూల్ (తెర మీది స్కేలు గీతలు), పిక్చర్ మానిటర్, అంతే. లైవ్‌లో మెనూలు తడుముకునే తీరిక ఎవరికుంది?

సీసీయూ_శీను:
గురువుగారూ, ఎవరో వర్టికల్ పొజిషన్ నాబ్ తిప్పేసి పోతే మీ గ్రాటిక్యూల్ ఏం చెప్తుంది? ట్రేస్ (తెర మీది సిగ్నల్ గీత) మొత్తం 30 మిల్లీవోల్టులు పైకి జరిగితే బ్లాకూ జరుగుతుంది, వైటూ జరుగుతుంది. బ్లాక్ మీద ఒకటి, వైట్ మీద ఒకటి పెట్టి కొలిస్తే రెండు కర్సర్ల మధ్య తేడా మాత్రం మారదు.

ఎంసీఆర్_మంగ:
ముందు డిస్‌ప్లే మెనూలో ఏ ఫిల్టర్ ఉందో చూడండి, కొట్లాట తర్వాత. మాకు ఇంకా ఒక కాంపోజిట్ (వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి వచ్చే) ఫీడ్ ఉంది. పాల్‌లో (పాత అనలాగ్ టీవీ పద్ధతి) 100/0/75/0 కలర్ బార్స్ (పరీక్షకు వాడే రంగుల పట్టీలు) వేసి ఫ్లాట్‌లో (ఫిల్టర్ లేకుండా) చూస్తే పసుపు బార్ పైఅంచు 700 దగ్గర, అంటే తెలుపుతో సమానంగా ఉంటుంది. లోపాస్ (రంగు సిగ్నల్‌ను తీసేసే ఫిల్టర్) నొక్కితే అదే పసుపు 465కి దిగుతుంది. ఫ్లాట్‌లో కర్సర్ చూపించేది ల్యూమా (వెలుగు), దాని మీద ఎక్కిన క్రోమా (రంగు) రెండూ కలిసిన ఎత్తు. కర్సర్ అబద్ధమాడలేదు, అడిగినవాడు తప్పడిగాడు.

ఇంకో మాట. సింక్ (బ్లాక్ కిందికి దిగే టైమింగ్ పల్స్) అడుగు నుంచి వైట్ వరకు 1 వోల్టు రావాల్సింది దాదాపు 2 చూపిస్తే సోర్స్‌ను తిట్టకండి. లూప్‌త్రూ (సిగ్నల్‌ను ఒక పరికరం నుంచి ఇంకోదానికి దాటించే వరస) చివర 75 ఓమ్స్ టెర్మినేటర్ (చివర పెట్టే రెసిస్టర్) ఉందో లేదో చూడండి.

బిట్‌రేట్_బాబు:
ఎస్‌డీఐకి (వీడియోను అంకెలుగా పంపే పద్ధతి) మారాక ఈ వాదనలో సగం చచ్చిపోయింది. 10 బిట్‌లో 64 అంటే బ్లాక్, 940 అంటే వైట్. మానిటర్ ఆ అంకెల్నే మిల్లీవోల్టులుగా గీస్తుంది. కేబుల్ ఎంత పాడైనా, డేటా సరిగా అందినంతకాలం కర్సర్ 700 అనే అంటుంది. ఇప్పుడు కర్సర్ అవసరం ఐ ప్యాటర్న్‌లో (డిజిటల్ సిగ్నల్ అలల ఆకారాన్నే నేరుగా చూపే డిస్‌ప్లే). సోర్స్ ఔట్‌పుట్ 800 మిల్లీవోల్టులకు 10 శాతం అటూఇటూగా ఉందా, హెచ్‌డీలో రైజ్ టైమ్ (సిగ్నల్ కింది నుంచి పైకి ఎక్కే సమయం) 270 పికోసెకండ్లు దాటిందా అన్నది కళ్లతో అంచనా కట్టే పని కాదు.

పాతకాపు:
బాబు చెప్పింది ఒప్పుకుంటాను, అది మెయింటెనెన్స్ బెంచ్ మీద పని. పొజిషన్ నాబ్ సంగతి కూడా సరే. కానీ దానికి మందు లైవ్‌లో కర్సర్ కాదు, ప్రీసెట్. పరేడ్, స్కేలు, పొజిషన్ అన్నీ ఒక ప్రీసెట్‌లో సేవ్ చేసుకుని షిఫ్ట్ మొదట్లో రీకాల్ చేస్తే పోతుంది.

సీసీయూ_శీను:
సరే, అదే ప్రీసెట్‌లో నా కర్సర్లు కూడా సేవ్ చేస్తా.

పాతకాపు:
చెయ్యి, రెండో నంబర్‌లో. ఒకటో నంబర్ జోలికి రాకు.