‘గో’కు భూతకాలం ‘వెంట్’ ఎందుకైంది?

ప్రశ్న (ఉపాధ్యాయిని, కావలి):
‘వాక్’కు ‘వాక్డ్’, ‘కమ్’కు ‘కేమ్’ అంటే ఒప్పుకున్న మా ఏడో తరగతి పిల్లలు, ‘గో’కు ‘వెంట్’ అనేసరికి ఒక్క అక్షరమైనా కలవదేమని అడుగుతున్నారు. బట్టీ పట్టమని చెప్పి దాటవేయడం నాకు ఇష్టం లేదు. ‘హాజ్ గాన్’, ‘హాజ్ బీన్’ల తేడాను కూడా తెలుగులో ఎలా చెప్పాలో దయచేసి తెలుపగలరు.

జవాబు (నెల్లూరు):
అమ్మా, పిల్లల అనుమానం సరైనదే. ‘వెంట్’ అసలు ‘గో’ నుంచి పుట్టలేదు. ‘సెండ్’కు ‘సెంట్’, ‘బెండ్’కు ‘బెంట్’ అయినట్లే, ‘వెండ్’ అనే మరో క్రియకు అది భూతకాల రూపం. మొదట తిప్పడం, మళ్లించడం అనే అర్థంలో ఉన్న ఆ క్రియ, ఒక దిక్కుకు మళ్లి సాగడమనే అర్థం మీదుగా వెళ్లడమనే అర్థానికి వచ్చింది. పాత ఇంగ్లీషులో ‘గో’కు పూర్వరూపం ‘గాన్’ (gān; మీరడిగిన ‘హాజ్ గాన్’లోని gone కాదు). దాని భూతకాలంగా వాడిన ‘ఏఒడె’ కూడా వేరే ధాతువుదే కావడం విశేషం. 15వ శతాబ్దం ముగిసేసరికి దక్షిణ ఇంగ్లండులో ఆ స్థానం ‘వెంట్’కు దక్కింది. తన రూపాన్ని అలా వదులుకున్న ‘వెండ్’ తర్వాత ‘వెండెడ్’ అనే కొత్త రూపం తెచ్చుకొని, నేడు ‘వెండ్ వన్స్ వే’ (తన దారిన సాగిపోవడం) వంటి పలుకుబడిలోనే ఎక్కువగా కనిపిస్తోంది. స్కాట్లండు వాడుకలో మాత్రం ‘గో’ నుంచే ఏర్పడిన ‘గేడ్’ ఉంది.

జవాబు (ఒంగోలు):
మన ‘వచ్చాడు’, ‘రాలేదు’ కూడా ఇటువంటివే కదా? ‘వచ్చు’కు విధిరూపం ‘రా’ అని నేర్చుకొనే పరభాషీయులకు ఇదే చిక్కు ఎదురవుతుంది.

జవాబు (కందుకూరు):
ఒంగోలు వారి ఉదాహరణ పైకి సరిపోయినట్లు కనిపించినా, ‘వచ్చు’, ‘రా’ రెండూ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవేనని భాషావేత్తలు చెబుతారు. తమిళంలోని ‘వా’, ‘వరు’ వాటి తోబుట్టువులే; సరిహద్దుకు దగ్గరగా ఉన్న నెల్లూరు వైపు వారికి అవి చెవికి పరిచయమైన మాటలే. దీనికంటే ‘ఉన్నాడు’, ‘లేడు’ జంట మేలు, ఎందుకంటే అవి నిజంగానే రెండు వేర్వేరు ధాతువులవి. మాస్టారు బడిలో ఉన్నారా అంటే ‘లేరు’ అని జవాబిచ్చే పిల్లలు ఆ పని రోజూ తామే చేస్తున్నారు కనుక, పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇక రెండో ప్రశ్నకు మన వాడుకలోనే జవాబుంది. ‘హీ హాజ్ గాన్ టు ఒంగోల్’ అంటే ఒంగోలు పోయినాడు, ఇంకా తిరిగి రాలేదు. ‘హీ హాజ్ బీన్ టు ఒంగోల్’ అంటే ఒంగోలు పోయొచ్చినాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని గురించి ‘హాజ్ గాన్’ అనకూడదని చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది.