స్వాల్‌బార్డ్ క్రూయిజ్: వెళ్లొచ్చా, మానుకోవాలా?

మంచుబాట: నాన్నగారి రిటైర్మెంట్ సందర్భంగా స్వాల్‌బార్డ్‌కి ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్ బుక్ చేద్దామనుకుంటున్నాం. నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న దీవులు. మనలాంటివాళ్లు వెళ్లబట్టే ఆ చోటు పాడవుతోందని చెల్లి గొడవ పెడుతోంది. మీరేమంటారు?

గోదావరి గట్టు: మీ చెల్లి మాటే నా మాటండి. 2018 జులైలో అక్కడ ప్రయాణికుల్ని దించే ముందు, ఒడ్డు క్షేమమా కాదా అని చూడ్డానికి ఒక ఓడ గార్డులు దిగారు. వాళ్లలో ఒకరి మీద ధ్రువపు ఎలుగుబంటి పడింది, తలకు గాయాలయ్యాయి. తోటివాళ్లు దాన్ని కాల్చి చంపారు. గార్డుల్ని తప్పుపట్టను, ప్రాణం మీదికొస్తే ఎవరైనా అంతే. కానీ అసలు ఆ ఒడ్డుకి వాళ్లు వెళ్లింది మన సరదా కోసమే కదా?

ఓస్లో వాసి: ఆ తర్వాత నార్వే ఊరుకోలేదండి. 2025 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడ రాకూడదు. అక్కడ దిగడానికి 43 చోట్లే అనుమతి. ఎలుగుబంటికి 300 మీటర్ల దూరంలో ఉండాలి, మార్చి నుంచి జూన్ దాకా అయితే 500.

నేను వెళ్లినప్పుడు, దిగేముందు బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టినీ గడ్డి గింజల్నీ బ్రష్‌తో గీకించారు. బయటి విత్తనం ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదు. వాల్రస్‌ల (పొడవాటి కోరలుండే పెద్ద సముద్ర జంతువులు) దగ్గర మాటలు ఆపించి, అందర్నీ గుంపుగా మెల్లగా నడిపించారు. ఒకటి తలెత్తి చూసిందో లేదో, గైడ్ చెయ్యెత్తి ఆపేశాడు. ఒకప్పుడు వేటతో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జంతువులవి. 1952లో రక్షణ కల్పించాక మళ్లీ పెరిగాయి. గట్టిగా అమలు చేస్తే నియమాలు పనిచేస్తాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా అక్కడి ప్రధాన ఊరు లాంగ్‌ఇయర్‌బైన్ దగ్గరి చివరి బొగ్గు గని కూడా 2025లో మూతపడింది. టూరిస్టులూ రాకపోతే ఆ ఊరెలా బతుకుతుంది?

గోదావరి గట్టు: వాల్రస్‌లు పెరిగింది వేట ఆపినందుకు, టూరిస్టులు వెళ్లినందుకు కాదు. ఊరి బతుకు మాట మాత్రం నిజమే. అయితే ఊళ్లోనే నాలుగు రోజులుండి, అక్కడి గైడ్‌తో తిరగొచ్చు కదా. నా అభ్యంతరమంతా ఓడలతోనే. సముద్రపు మంచు కరిగేకొద్దీ ఎలుగుబంట్లు వేసవిలో నేల మీదే ఎక్కువ కాలం గడపాల్సి వస్తోంది. అదే మంచు కరగడం వల్ల ఓడలకి దారి తెరుచుకుంటోంది. అంటే అవీ మనమూ ఒకే ఒడ్డుకి చేరుతున్నాం. ఆ ఒడ్డున 300 మీటర్ల నియమాన్ని మనం పాటించినా, ఎలుగుబంటి పాటించదు.

సాగరిక: వీసా సంగతి కూడా చూసుకోండి. స్వాల్‌బార్డ్ షెంగెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో లేదు. నార్వే నుంచి వెళ్లి, మళ్లీ నార్వేకే రావాలి కాబట్టి డబుల్ ఎంట్రీ (రెండుసార్లు ప్రవేశించే) వీసా తీసుకోవాలి. పరిశోధకులుండే నీ-ఓలెసుండ్ అనే ఊళ్లో ఆగితే ఫోన్లో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి, పరిశోధన పరికరాలకి అడ్డొస్తాయి. 2008లో మొదలైన మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నది అక్కడే.

మంచుబాట: నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. ఎలుగుబంటి కనిపించకపోయినా ఫర్వాలేదట, హిమానీనదాలు చూస్తే చాలన్నారు.

గోదావరి గట్టు: అలాగైతే ఆ కంపెనీవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఎలుగుబంటిని తప్పకుండా చూపిస్తారా అని. చూపిస్తామంటే ఆ ఓడ ఎక్కకండి.