హైవే మీద బ్యాటరీ దాచుకోవాలా, ముందే వాడేయాలా?

కొత్తతాళం:
ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, మోటార్ కూడా ఉన్న కారు) కొని నాలుగు నెలలైంది. బ్యాటరీ మీద 45 కిలోమీటర్లు వస్తుంది. నేను రోజూ వెళ్లే దారి 70 కిలోమీటర్లు. ముందు 48 హైవే, తర్వాత 22 ట్రాఫిక్. రెండు చివర్లా ఛార్జింగ్ ఉంది. హైవే అంతా హోల్డ్ మోడ్‌లో పెట్టి ఇంజన్ మీద వెళ్తాను, బ్యాటరీని ట్రాఫిక్ కోసం దాస్తాను. ఆఫీసులో ఒకాయన మాత్రం "అది శుద్ధ దండగ, ముందు కరెంటు అయిపోనివ్వండి" అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

పాతచక్రం:
ఆయన చెప్పిందే కరెక్టండీ. బ్యాటరీ మిగిల్చుకుని ఇంటికి వస్తే ఆ మేరకు పెట్రోల్ ఊరికే కాల్చినట్టే. నాకు జరిగింది. దాచుకుంటూ దాచుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపేసరికి డిస్‌ప్లేలో 60 శాతం ఉంది. ప్లగ్ పెడితే ఎక్కింది 40 శాతమే. అప్పటి నుంచి బయల్దేరగానే కరెంటు మీదే. లెక్కలు లేవు, టెన్షన్ లేదు.

నిదానం:
పాతచక్రం గారూ, అది హోల్డ్ మోడ్ తప్పు కాదు, ఎంత దాచాలో చూసుకోకపోవడం. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో పెట్రోల్ ఇంజన్ మీద భారం తక్కువ, అందుకే ఇంధనంలోని శక్తి ఎక్కువగా వేడి కింద పోతుంది. మోటార్‌కు ఆ బాధ లేదు. పైగా బ్రేక్ వేసినప్పుడు కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడే ఇంజన్ బాగా పనిచేస్తుంది. అదే వేగంలో బ్యాటరీ ఎలా కరిగిపోతుందో మీరూ చూసే ఉంటారు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లు అవుతుంది కదా.

యూనిట్‌లెక్క:
గాలి నిరోధం ఇంజన్‌కు కూడా అంతే ఉంటుంది నిదానం గారూ. కాబట్టి "హైవే మీద బ్యాటరీ త్వరగా అయిపోతుంది" అన్నంత మాత్రాన సరిపోదు. అడగాల్సిన ప్రశ్న వేరు: ఒక యూనిట్ కరెంటు ఎక్కడ ఎక్కువ పెట్రోల్ మిగులుస్తుంది?

మా ఇంట్లో రెండు ప్లగ్-ఇన్‌లు ఉన్నాయి. రెండింటికీ డిస్‌ప్లేలో చూపించే అంకెలు రాసిపెట్టుకున్నాను. మొదటిది ఇంజన్, రెండు మోటార్లు కలిసి పనిచేసే రకం. బ్యాటరీ అయిపోయాక కూడా ట్రాఫిక్‌లో మాటిమాటికీ ఇంజన్ ఆపేస్తుంది. ట్రాఫిక్‌లో 100 కిలోమీటర్లకు కరెంటు అయితే 14 యూనిట్లు, పెట్రోల్ అయితే 4.5 లీటర్లు. అంటే యూనిట్‌కు 320 మిల్లీలీటర్లు మిగులు. హైవేలో 20 యూనిట్లు, 6 లీటర్లు. యూనిట్‌కు 300. పెద్ద తేడా లేదు, ఎక్కడ వాడినా ఒకటే.

రెండోది మామూలు గేర్‌బాక్స్‌లో మోటార్ ఇమిడ్చిన బరువైన బండి. ట్రాఫిక్‌లో 17 యూనిట్లు లేదా 7 లీటర్లు. యూనిట్‌కు 410. హైవేలో 23 యూనిట్లు, లీటర్లు అవే 7. యూనిట్‌కు 300. ఈ బండికి ట్రాఫిక్ కోసం దాచడం నిజంగా లాభం.

కొత్తతాళం గారూ, మీది ఏ రకమైనా సరే, మీ 22 కిలోమీటర్లకు సుమారు సగం బ్యాటరీ చాలు. మిగతా సగం హైవే మీద 18 కిలోమీటర్ల దాకా లాగుతుంది. మీరు దాన్ని వాడకుండానే ఆఫీసుకు చేరుతున్నారు. ముందు దాన్ని వాడేసి, సగం దగ్గర హోల్డ్ నొక్కండి.

కొత్తతాళం:
నిజమే! ఆఫీసులో ప్లగ్ పెట్టేటప్పుడు సగం పైనే ఉంటుంది. "అమ్మయ్య, ఇంకా ఉంది" అనుకునేవాడిని.

పాతచక్రం:
నేను మొత్తుకుంటున్నది అదే కదండీ! సగం దగ్గర హోల్డ్ నొక్కమంటున్నారు, బాగుంది. కానీ దారి రోజూ ఒకేలా ఉంటుందా? ఎంత దూరమో తెలియని రోజు ముందే వాడేయడం మేలని ఇప్పటికీ అంటాను. ఛార్జింగ్ పెట్టని వాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. కార్ల నుంచే తీసి యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టిన లెక్కలు చూస్తే, రోడ్డు మీద ప్లగ్-ఇన్‌ల కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ అంకెలకు సగటున 3.5 రెట్లు ఉంది. వాళ్లు చెప్పిన ముఖ్య కారణం అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడం. ఆ తేడా ముందు మన హోల్డ్ గొడవ ఏపాటిది?

చలిఉదయం:
ఒక మాట చేర్చనివ్వండి. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే పరికరం) లేని కొన్ని బండ్లలో చలిలో హీటర్ వేయగానే, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజన్ స్టార్ట్ అవుతుంది. నాది అదే. చల్లటి ఇంజన్ వేడెక్కే దాకా పెట్రోల్ ఎక్కువే తాగుతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి అది ఎంత నష్టమో! అందుకే ప్లగ్ తీయకముందే పది నిమిషాలు లోపల వేడి చేసుకుని, దారిలో సీటు హీటర్‌తో సరిపెట్టుకుంటున్నాను.

నిదానం:
యూనిట్‌లెక్క గారూ, మొదటి రకం బండి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. పాతచక్రం గారితో ఒక్కచోట మాత్రం ఏకీభవించను: ముందు పెద్ద కొండ ఎక్కుడు ఉంటే బ్యాటరీ ఖాళీ చేసుకుని వెళ్లకూడదు. అలా వెళ్తే ఇంజన్ ఒక్కటే గోల పెడుతూ లాగాల్సి వస్తుంది. 2010లో వచ్చిన షెవ్రొలే వోల్ట్ అనే ప్లగ్-ఇన్ కారులో, ఎక్కుడు కోసం కొంత బ్యాటరీ దాచే మౌంటెన్ మోడ్ పెట్టింది అందుకే. దిగుడుకు దీనికి రివర్స్, పైన బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు వచ్చే కరెంటుకు చోటుండదు.

కొత్తతాళం:
మరి ఛార్జ్ మోడ్? ఇంజన్‌తోనే బ్యాటరీ నింపుకుంటే?

యూనిట్‌లెక్క:
అది మాత్రం వద్దు. ఇంజన్ నుంచి జనరేటర్‌కు, అక్కడి నుంచి బ్యాటరీకి, మళ్లీ మోటార్‌కు. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. హైవే మీద నేరుగా చక్రాలకు వెళ్లే శక్తిని ఇంత తిప్పడం ఎందుకు? ఎక్కుడు ముందుండి బ్యాటరీ అడుగంటితే తప్ప నేను ఆ బటన్ ముట్టను.

కొత్తతాళం:
ఈ రోజు బయల్దేరగానే కరెంటు మీద వెళ్లి, 52 శాతం దగ్గర హోల్డ్ నొక్కాను. ట్రాఫిక్ మొదలవగానే తీసేశాను. ఆఫీసు పార్కింగ్‌లో 6 శాతం మిగిలింది. రేపు 48 దగ్గర నొక్కి చూస్తాను.