చైనా భార్య పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడింది, వీసా అప్లై చేయొచ్చా?

మాది గుంటూరు, తేజా మిర్చి ఎగుమతి. మా ఆవిడ చైనా అమ్మాయి, ఇప్పుడు చైనాలోనే ఇవూ నగరంలో ఉంది. ఆమె ఇండియా వీసా ఫారం ఆన్‌లైన్‌లో నింపాం. ప్రింట్ తీసే ముందు చూస్తే పాస్‌పోర్ట్‌కు నాలుగు నెలలే గడువుంది! హుకౌ (చైనాలో సొంతూరి నివాస నమోదు) ఏమో హునాన్‌ రాష్ట్రంలో పల్లెటూరు. రెన్యువల్‌కు అక్కడికే పోవాలా? బ్రాడీపేటలో మా అమ్మ అప్పుడే కోడలి కోసం గది సున్నం వేయించింది, ఒకటే టెన్షన్.

జవాబు: పోనక్కర్లేదండీ. 2019 ఏప్రిల్ నుంచి చైనాలో ఎక్కడైనా ఎగ్జిట్-ఎంట్రీ ఆఫీసులో (పాస్‌పోర్ట్‌లు చూసే ఆఫీసు) కొత్త పాస్‌పోర్ట్ ఇస్తారు. ఫీజు 120 యువాన్లు. వేలిముద్రలు అడిగితే మాత్రం ఆవిడే వెళ్లాలి. ఆరు నెలల గడువు లేకుండా మన వీసాకు వెళ్లడం దండగ.

జవాబు: నంబరు మారుతుంది కాబట్టి ఆ ఫారం వదిలేసి కొత్తది నింపండి. పాత పాస్‌పోర్ట్ మూల కత్తిరించి రద్దు చేస్తారు. అడిగి వెనక్కి తీసుకోమనండి, అవసరం పడొచ్చు. పెళ్లి చైనాలో రిజిస్టర్ అయిందా? అయితే ఇంకోటి, ఆ పెళ్లి సర్టిఫికెట్ మన దగ్గర చెల్లాలంటే ధ్రువీకరణ కావాలి. 2023 నవంబరు నుంచి చైనాలో అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా పత్రంపై వేసే ఒకే ముద్ర) ఉంది గానీ మన రెండు దేశాల మధ్య చెల్లదు. పాత పద్ధతిలో కాన్సులేట్ ధ్రువీకరణే. ఏజెంట్లు ఇది చెప్పరు, డబ్బు మాత్రం గుంజుతారు.

గుంటూరాయన: థ్యాంక్స్ అన్నా. ఎర్ర పుస్తకం (చైనా పెళ్లి సర్టిఫికెట్) ఉంది, దానికి ధ్రువీకరణ లేదు. ముందు పాస్‌పోర్ట్‌కు వెళ్లమన్నాను, సోమవారం వెళ్తుంది.